లాయల్ ఇల్లు

విజయవాడ, రైల్వే కాలనీ
12-5-1974, ఆదివారం

అక్కకు,

తమ్ముడు బాలశౌరి నమస్కారాలతో రాసేది. ఇక్కడ నేనూ అమలమ్మా బాగానే ఉన్నాం. అమలమ్మకు ఏడో నెల వచ్చింది. అమ్మ కాలికి కట్టు విప్పారా? మంచం మీదే ఉంటోందా, నువ్వు చూడకుండా లేచి నడుస్తోందా?

సమ్మె మొదలై ఇవాళ్టికి ఐదు రోజులు. ఎప్పుడో ఒక బండి వస్తోంది, అదీ మిలిటరీ వాళ్ళ కాపలాతో. మన స్టేషను సంగతి నీకు తెలుసు. నిద్రలో కూడా కూత వినబడే చోటు. ఇప్పుడు ప్లాట్‌ఫారం మీద కుక్కలు పడుకుంటున్నాయి. ఆ చప్పుడు లేకపోవడం నాకు పడటం లేదు. అమలమ్మ గిన్నె కింద పెడితే ఉలిక్కిపడుతున్నాను.

బావ ఎక్కడున్నారో నాకు తెలియదక్కా. ఆరో తారీకున ఆయన క్వార్టరుకు తాళం వేసి వెళ్ళారు. లోకో షెడ్డు ఫైర్‌మన్లలో యూనియన్ వాళ్ళను చాలామందిని పోలీసులు తీసుకెళ్ళారు. బావ మాత్రం దొరకలేదని అందరూ చెప్పుకుంటున్నారు.

ఇంకో సంగతి ఉంది. అది ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను. నేను డ్యూటీకి వెళ్తున్నాను. మొదటి రోజునుంచీ వెళ్తున్నాను. రానివాళ్ళు క్వార్టరు ఖాళీ చేయాలన్నారు. అమలమ్మను ఈ స్థితిలో రోడ్డు మీద కూర్చోబెట్టలేక వెళ్ళాను.

నిన్న ఒక పెద్ద ఆఫీసరు మా కేబిన్‌కు వచ్చి, సిగ్నళ్ళు మార్చే లీవర్ల దగ్గర ఒక్కణ్ణే ఉన్న నన్ను చూసి భుజం తట్టి 'లాయల్' అన్నాడు. ఇంటికొస్తే తలుపు మీద సుద్దతో అదే మాట, తెలుగు అక్షరాల్లో. అమలమ్మ తడిగుడ్డతో తుడిచింది. తెల్లారేసరికి మళ్ళీ ఉంది. పక్కింటి సుబ్బరత్నం గారు పంపు దగ్గర అమలమ్మను చూసి బిందె జరుపుకుని వెళ్ళిపోయింది. వాళ్ళాయన సమ్మెలో ఉన్నాడు.

ఒకే మాట ఒకరి నోట మెప్పు, ఇంకొకరి చేత తిట్టు ఎలా అయిందో నాకు అంతుపట్టలేదు. నేను ఎస్సెల్సీ తప్పినవాణ్ణి, నువ్వు ఇంగ్లీషు టీచరువి. ఆ మాటకు అసలు అర్థం ఏమిటో రాయి. నేను డ్యూటీకి వెళ్తున్నట్టు అమ్మకు చెప్పవద్దు.

నీ తమ్ముడు
బాలశౌరి

*

అవనిగడ్డ
16-5-1974

బాలశౌరికి,

అక్క దీవెనలు. నీ ఉత్తరం అందింది. ముందు నువ్వు అడిగినదానికి జవాబు రాస్తాను. పాఠం చెప్పడం నాకు అలవాటైన పని. తక్కినవి చివర రాస్తాను.

బడి బీరువాలో ఉండే పెద్ద నిఘంటువును సెలవుల్లో ఇంటికి తెచ్చుకున్నాను. లాయల్ అంటే ఇచ్చిన మాట తప్పనివాడు, నమ్మకంగా ఉండేవాడు. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటను ఫ్రెంచివాళ్ళ దగ్గర తెచ్చుకున్నారు. వాళ్ళకేమో లాటిన్ నుంచి వచ్చింది. మన చిన్నప్పుడు ఫాదరుగారు పీఠం వైపు తిరిగి పూజలో చదివేవారే, ఆ లాటినే. అక్కడ దాని మూలం చట్టం అనే మాట. లీగల్ అన్న మాటా ఇదీ ఒక తల్లి బిడ్డలు. ఒకటి కోర్టులో పెరిగింది, ఇంకొకటి దొరల కొలువులో పెరిగింది. పూర్వం ఒక బంటు దొర చేతుల్లో చేతులు పెట్టి ప్రమాణం చేసి, ప్రాణం పోయినా దాన్ని నిలబెట్టుకుంటే అతన్ని లాయల్ అన్నారు. తర్వాత తర్వాత స్నేహితుడికీ, పెళ్ళానికీ, పెంచుకున్న కుక్కకూ కూడా వాడారు.

ఇక వాడుక. మా పిల్లలకు ఏటా చెబుతాను, ఈ మాట ఒంటరిగా నిలవదని. దాని వెనక 'టు' రావాలి. లాయల్ టు ఫలానా. ఆ ఫలానా ఎవరో రాయకపోతే ఎర్రసిరాతో కొట్టేస్తాను. నీ ఆఫీసరూ రాయలేదు, నీ తలుపు మీద రాసినవాడూ రాయలేదు. నువ్వు చెప్పు. ఆ ఫలానా ఎవరు బాలశౌరీ?

తొమ్మిదేళ్ళ కిందట మీ బావ తన ఉతికిన చొక్కా నీకు తొడిగి, సైకిలు మీద కూర్చోబెట్టుకుని ఈ ఉద్యోగం కోసం రైల్వే ఆఫీసుకు తీసుకెళ్ళారు. నీకు గుర్తుందో లేదో నాకు తెలియదు. ఆ మనిషి ఇప్పుడు ఏ గోడ పక్కన ఉన్నారో, ఏం తింటున్నారో. నువ్వేమో కేబిన్‌లో లీవర్లు లాగుతున్నావు.

అమ్మ కట్టు ఇంకా విప్పలేదు. ఉత్తరంలో ఏముందని అడిగింది. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. చదివి వినిపించాను.

ఆయన జాడ తెలిస్తే వెంటనే రాయి.

తెరేసమ్మ

*

విజయవాడ
20-5-1974

అక్కకు,

నీ ఉత్తరం అందింది. అర్థం తెలిసింది. నువ్వు దాచమని ఇచ్చిన ఆవకాయ జాడీ మా అటక మీద పదిలంగా ఉంది. ఎండకు కాస్త తగ్గింది గాని చెడలేదు. మూత తీయడం లేదు. చీమ ఎక్కకుండా అమలమ్మ చూసుకుంటోంది. దాని గురించి బెంగపడవద్దు. దానికోసం ఎవరినీ పంపవద్దు, నువ్వూ రావద్దు. కార్డులో ఇంతకంటే చోటు లేదు.

బాలశౌరి

*

అవనిగడ్డ
23-5-1974

బాలశౌరికి,

నీ దగ్గర నేను ఆవకాయ ఎప్పుడు దాచాను? కట్టుకున్నవాడి జాడ రాయమంటే పచ్చడి సంగతి రాస్తావా? నేను రాసిన మాటలకు కోపం వస్తే నన్ను నాలుగు తిట్టి ఉండవలసింది. ఈ వెటకారం నీకు ఎక్కడినుంచి వచ్చింది?

మన ఊరి పుల్లయ్య విజయవాడ బస్సులో కండక్టరు కదా, నిన్న కబురు మోసుకొచ్చాడు. మీ కాలనీలో పట్టుకున్నవాళ్ళను రాజమండ్రి జైలుకు పంపారట. మీ బావ జాన్‌బాబు గారు కూడా అందులో ఉన్నారని బస్టాండులో ఎవరో అన్నారట. నువ్వు అక్కడే ఉండి నాకు ఈ ముక్క రాయలేకపోయావు. సోమవారం పొద్దున మొదటి బస్సుకు నేను రాజమండ్రి వెళ్తున్నాను. అమ్మ దగ్గర పక్కింటివాళ్ళను ఉండమన్నాను.

నీ కార్డు అమ్మకు చదివాను. గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత అన్న మాట నీకు రాయమంది కాబట్టి రాస్తున్నాను.

"అల్లుణ్ణి జైల్లో పెడితే వీడు ఉద్యోగం చేసుకుంటన్నాడా? నా గుమ్మం తొక్కొద్దని రాయి."

తెరేసమ్మ

*

విజయవాడ
30-5-1974

అక్కకు,

ఇప్పుడు రాయవచ్చు. సమ్మె సోమవారం ఆగిపోయింది. నీ ఉత్తరం ఆ రోజే అందింది. అప్పటికే నువ్వు బస్సెక్కి ఉంటావు. నిన్ను ఆపే దారి లేక కేబిన్‌లో రోజంతా అటూ ఇటూ తిరిగాను.

బావ రాజమండ్రిలో లేరు. మొన్నటిదాకా మా అటక మీద ఉన్నారు.

నీకు మొదటి ఉత్తరం పోస్టు చేసిన మర్నాడు, పదమూడో తారీకు తెల్లవారుజామున వెనక గోడ దూకి వచ్చారు. ఎవరిదో లుంగీ కట్టుకున్నారు. భవానీపురం అవతల అరటితోటల్లో వారం రోజులు తిరిగారట. అక్కడ కూడా వెతకడం మొదలుపెట్టారు. డ్యూటీకి వెళ్ళేవాళ్ళ ఇళ్ళు మాత్రం సోదా చేయడం లేదు. అందుకే నా దగ్గరికి వచ్చానని ఆయనే చెప్పారు. నా మీద అభిమానంతో రాలేదని కూడా చెప్పారు. ఉత్తరాలు విప్పి చూస్తున్నారని భయం. నీకు తెలిస్తే పరిగెత్తుకొస్తావని ఇంకా భయం. అందుకే ఆవకాయ అని రాశాను. నీకు తడుతుందనుకున్నాను.

ఆ అటక నీకు తెలుసు. పైన పెంకులు, కూర్చుంటే తల తగులుతుంది. ఈ మే నెలలో, పగలంతా కదలకుండా. ఇంజన్లో బొగ్గు ఎగదోసిన మనిషి కాబట్టి ఓర్చుకున్నారు గాని చూస్తుండగానే సగమయ్యారు. అమలమ్మ ఆ కడుపుతో స్టూలు ఎక్కి మజ్జిగ అందించేది. పోలీసులు సందులోకి వచ్చినప్పుడల్లా వాకిట్లో కూర్చుని బియ్యం ఏరేది. తలుపు మీద ఆ సుద్దరాతను అప్పటినుంచి మేమే తుడవడం మానేశాం.

పదిహేను రోజుల్లో ఆయన నాతో మాట్లాడింది తక్కువ. ఒకరోజు అన్నం కంచం కిందికి అందిస్తూ అన్నారు.

"నీ అన్నం తింటన్నాను కాబట్టి నిన్ను ఏమీ అనలేకపోతన్నాను. నాకు ఆ ఎండ కంటే ఇదే కష్టంగా ఉందిరా."

నేను కంచం కడిగి పెట్టాను.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతాను. మొదటి ఐదు రోజులు నేను భయంతో వెళ్ళాను. తర్వాత పదిహేను రోజులు ఆయన మా ఇంట్లో ఉన్నారని వెళ్ళాను. ఆయన రాకపోయినా వెళ్ళేవాణ్ణా అంటే, బహుశా వెళ్ళేవాణ్ణే. నిన్ను మోసం చేసి మంచివాణ్ణి అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇరవై ఎనిమిదో తారీకు పొద్దున స్నానం చేసి, చెప్పకుండానే షెడ్డుకు వెళ్ళారు. ఉద్యోగంలోంచి తీసేసినట్టు అక్కడ కాగితం చేతిలో పెట్టారట. చదువుకుని బస్టాండు వైపు నడిచి వెళ్ళారని విన్నాను. రెండు రోజులైంది. నీ దగ్గరికి చేరారా? వెంటనే రాయి. అన్నం సయించడం లేదు.

బాలశౌరి

*

అవనిగడ్డ
8-6-1974

తమ్ముడికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదట నన్ను నేను తిట్టుకున్నాను. పరీక్ష పేపరు దిద్దినట్టు నీ బతుకు దిద్దబోయాను. అమలమ్మకు నా ముద్దులు చెప్పు. ఆ పిల్ల ముందు నేను నిలబడలేను.

ఇప్పుడు ఇక్కడ జరిగింది విను. రాజమండ్రిలో రెండు రోజులు ఆ పెద్ద గేటు ముందు నిలబడ్డాను. నాలాంటి ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు, సంచుల్లో అన్నాలు కట్టుకుని. రెండో రోజు ఒకాయన జాలిపడి లిస్టంతా చూసి, ఆ పేరు ఇక్కడ లేదమ్మా అన్నాడు. ఇంటికొచ్చి అమ్మకు ఆ మాట చెప్పలేకపోయాను. లోపలే ఉన్నారు, చూడనివ్వలేదు అన్నాను. అబద్ధం చేతకాదని నీకు రాసిన రెండు వారాలకే ఇది.

ఆయన రెండో తారీకున వచ్చారు. మధ్యలో ఐదు రోజులు ఎక్కడ తిరిగారో తెలియదు. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి ఉన్నారు. అమ్మ మంచం మీదనుంచే రెండు చేతులూ చాచింది. రాజమండ్రిలో తిండి ఏం పెట్టారు నాయనా అని అడిగింది. ఆయన నావైపు చూశారు. తర్వాత, అన్నమే పెట్టారు అత్తా అన్నారు. అంతే. అమ్మ వీధివీధికీ కబురు పంపింది. మా అల్లుడు జైలుకెళ్ళి వచ్చాడని చూడటానికి జనం వస్తున్నారు. మర్నాడు నీ ఉత్తరం వచ్చింది.

నాకు తెలిసిందని ఆయనకు తెలియదు. నేను ఏం చేయాలి? నిజం చెబితే అమ్మకు నీమీద కోపం పోతుంది, ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే ఆయన నిలుస్తారు, నువ్వు మునుగుతావు. రోజూ అన్నం వడ్డిస్తూ నోటిదాకా తెచ్చుకుని మింగుతున్నాను. రాత్రుళ్ళు ఆయన వాకిట్లో నడుస్తూనే ఉంటారు. నేను ఆ అడుగులు లెక్కపెడుతూ పడుకుంటాను.

తెరేసమ్మ

*

విజయవాడ
7-7-1974

అక్కకు,

మాకు మూడో తారీకున ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. పిల్ల నల్లగా, అమ్మ నుదురుతో ఉంది. అమ్మకు చెప్పు. వింటుందో లేదో, చెప్పు.

నువ్వు బావను ఏమీ అడగవద్దు. ఆయన ఉద్యోగం పోయింది. మిగిలింది ఆ పేరు ఒక్కటే. ఈ కాలనీలో నాకెలాగూ పేరు లేదు.

కానీ ఒకటి నీకు చెప్పకుండా ఉండలేను. జూన్ చివరి బుధవారం తీసేసినవాళ్ళంతా షెడ్డు గేటు దగ్గర మీటింగు పెట్టారు. బావ వచ్చారు. పోలీసులకు చిక్కకుండా మూడు వారాలు తప్పించుకున్నాడని ఆయనకు దండ వేశారు. ఎక్కడున్నావని అడిగితే, అరటితోటల్లో అని చెప్పారట. డ్యూటీ దిగి ఆ గేటు పక్కనుంచే వస్తున్నాను. ఆయన నన్ను చూశారు. ఎవరో నావైపు చూపించి, లాయలోడు పోతన్నాడు అని అరిచారు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. తల వంచుకుని దండలో పూలు సరిచేసుకున్నారు.

నాకు సర్టిఫికెట్ ఇచ్చారు. ఇంగ్లీషులో ఉంది, నా పేరులో ఒక అక్షరం తప్పు పడింది. ఆ మాట మాత్రం సరిగ్గా ఉంది. నువ్వు చెప్పినట్టు 'టు' కోసం వెతికాను. రైల్వేకు అని ఉంది. అది చూసి నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ట్రంకుపెట్టె అడుగున పెట్టాను.

ఒక్క కోరిక. వచ్చే నెల పదకొండున, ఆదివారం, పిల్లకు జ్ఞానస్నానం. జ్ఞానతండ్రిగా బావ నిలబడాలి. అమలమ్మ పట్టుబడుతోంది. కడుపులో ఉండగానే అటక మీది ఆయన మాటలు విన్న బిడ్డ, వేరే ఎవరు నిలబడినా కుదరదు అంటోంది.

బాలశౌరి

*

అవనిగడ్డ
28-7-1974

తమ్ముడికి,

ఉత్తరం ఆలస్యమైంది. బడి తెరిచారు, పైగా ఈ ఇంట్లో జరిగినవి ఒక పట్టాన రాయదగ్గవి కావు.

నీ కోరిక ఆయనకు చెప్పాను. ఇక్కడి రైసుమిల్లులో బాయిలరు దగ్గర పని దొరికింది, అక్కడినుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు. లాయల్ ఇంట్లో నేను ఎలా నిలబడతాను, మావాళ్ళు ఏమనుకుంటారు అన్నారు. రెండు నెలలు మింగిన మాట అప్పుడు బయటికి వచ్చేసింది.

"రాజమండ్రి గేటు కాడ నేను రెండు రోజులు నిలబడ్డానండీ. లిస్టులో మీ పేరు లేదన్నారు."

ఆయన చెంబు కింద పెట్టి, నీకెప్పటినుంచి తెలుసు అని అడిగారు. మీరు అమ్మకు జవాబు చెప్పకముందునుంచే అన్నాను. అమ్మకు జైలు, విజయవాడ వాళ్ళకు తోటలు, మా తమ్ముడి ఇల్లు మాత్రం ఎక్కడా లేదు అన్నాను. గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే ఆయన కోప్పడగలిగేవారేమో. తడికాళ్ళతోనే వెళ్ళిపోయారు. ఆ రాత్రి మిల్లులోనే ఉన్నారు. మర్నాడూ రాలేదు. నేను బడిలో పిల్లలకు ఏం చెప్పానో నాకే తెలియదు.

మూడోనాడు పొద్దున వచ్చి, అమ్మ మంచం పక్కన నేలమీద కూర్చున్నారు. నేను వంటింట్లో ఉన్నాను. పదిహేను రోజులూ పూసగుచ్చినట్టు చెప్పారు. గోడ దూకడం, అటక, అమలమ్మ స్టూలెక్కడం, చివరికి చెప్పకుండా వెళ్ళిపోవడం. వాడు పిరికివాడని తిట్టుకుంటూ వాడి ఇంట్లోనే దాక్కున్నాను అత్తా అన్నారు. తోటి మనుషులు జైల్లో ఉంటే నేను అటకెక్కానని చెప్పుకోలేకపోయాను, అదీ లాయల్ అటక అన్నారు.

నేను పొయ్యి ఆర్పేసి నిలబడ్డాను. అప్పుడు అమ్మ అంది.

"దాక్కున్నందుకు నేనేమీ అనను నాయనా. పేణం ఎవరికైనా తీపే. వాణ్ణి నా గుమ్మం తొక్కొద్దంటా వచ్చానే, ఆ మాట వింటా ఈ మంచం కాడ ఎట్టా కూర్చున్నావు?"

అమ్మ ముఖం అటు తిప్పుకుంది. ఆ పూట ఎవరూ భోజనం చేయలేదు.

జ్ఞానస్నానానికి ఆయన వస్తున్నారు. నేను మళ్ళీ అడగలేదు, తనే చొక్కా ఇస్త్రీకి ఇచ్చారు. అమ్మ కదలలేదు కాబట్టి నేను ఆగిపోతున్నాను. అమ్మ తన పాత జరీచీర చింపించి పిల్లకు గౌను కుట్టించింది, ఆయన చేత పంపుతోంది. నిన్ను రమ్మని రాయమంది. గుమ్మం తొక్కొద్దన్న మాట వెనక్కి తీసుకున్నట్టు కూడా రాస్తానంటే, కాదు, ఆ మాట నేనే చెప్పాలి, వాణ్ణి తీసుకురండి అంది.

అక్కడ ఏం జరిగినా వెంటనే రాయి. ఆయన మనసులో ఏముందో నాకు చెప్పలేదు.

తెరేసమ్మ

*

విజయవాడ
11-8-1974, ఆదివారం, సాయంత్రం ఐదు గంటలు

అక్కకు,

హడావిడిగా రాస్తున్నాను. పుల్లయ్య బస్సు ఆరింటికి బయల్దేరుతుంది, ఈ కాగితం అతని చేతికి ఇవ్వాలి.

బావ పది గంటలకు వచ్చారు. గుడిలో పిల్లను ఎత్తుకుని నిలబడ్డారు. నీళ్ళు పోస్తే పిల్ల ఏడవలేదు. ఫాదరుగారు అడిగిన ప్రశ్నలకు ఆయన ఒక్కొక్కటిగా జవాబు చెప్పారు. పూజ అయ్యాక గుడి ఆవరణలో షెడ్డు వాళ్ళు నలుగురు ఆయన్ను చుట్టుముట్టారు. మా ఇంటికి భోజనానికి వెళ్ళవద్దని చెప్పడానికి వచ్చారట. నేను పిల్లను తీసుకుని పక్కకు వెళ్ళబోయాను. ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు.

"అరటితోటల్లో నేనున్నది వారమే. తక్కిన పదిహేను రోజులు వీడి అటక మీద ఉన్నాను. వీడు డ్యూటీకి పోబట్టే మీకు దండేయడానికి నేను దొరికాను."

ఆ నలుగురిలో ఒకాయన రాజమండ్రిలో ఇరవై రోజులు ఉండి వచ్చాడు. ఆయన బావవైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. నీకంటే వీడే నయం, వీడు చేసింది వీడు దాచుకోలేదు అని వెళ్ళిపోయాడు. వెనకే ఇద్దరు వెళ్ళారు. ఒకాయన మాత్రం ఉండిపోయాడు. మన సుబ్బరత్నం గారి భర్త. భోజనానికి వచ్చాడు. పప్పు రెండుసార్లు వేయించుకున్నాడు. సుబ్బరత్నం గారు రాలేదు. పిల్లకు మాత్రం గిలక పంపింది.

ఇక ఇక్కడ అంతా చక్కబడిందని నేను రాయలేను. బావకు ఇకమీద ఆ గేటు దగ్గర చోటు ఉండదు. నాకు ఇంతకుముందే లేదు. తీసేసినవాళ్ళ కోసం యూనియన్ కేసులు వేస్తోంది కదా, అందులో ఆయన పేరు ఉంచుతారో తీసేస్తారో తెలియదు. ఎందుకు చెప్పారు బావా అని అడిగాను. చెప్పాల్సింది జూన్లో, ఇప్పుడు చెప్పి ఏం గొప్ప అన్నారు.

భోజనమయ్యాక మంచం వాకిట్లో వేయమన్నారు. లోపల ఫ్యాను ఉందన్నా వినలేదు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, అందరూ పంపుకు వెళ్ళే దారిలో, మా తలుపు ముందు పడుకున్నారు. నిమిషంలో నిద్రపోయారు. రెండు గంటలనుంచి అలాగే ఉన్నారు, నోరు తెరుచుకుని. గూడ్సు బండి కూత వేసుకుంటూ పోయినా కదలలేదు. బిందెలతో పోయే ఆడవాళ్ళు తగ్గు గొంతుతో మాట్లాడుకుంటూ పోతున్నారు. అమలమ్మ గడప మీద కూర్చుని, పిల్ల ఏడిస్తే లోపలికి తీసుకుపోయి ఊరుకోబెట్టి వస్తోంది.

ఇప్పుడు లేపితే పుల్లయ్య బస్సు అందుతుంది. నేను లేపడం లేదు. రేపు పొద్దున మొదటి బస్సుకు ఇద్దరం వస్తాం. అమ్మకు చెప్పు.

బాలశౌరి